జాగ్రత్త: బాక్స్‌వుడ్ అని డబ్బు తీసుకొని కామినీ మొక్కలు పంపుతున్నాడు, చీనీ తోటల పక్కన అస్సలు నాటొద్దు

అనంతపురం, కడప, కర్నూలు వైపు కంచె మొక్కలు కొనాలనుకునేవాళ్లు ఇది చివరి దాకా చదవండి. పేజీ పేరు రాయడం లేదు. గుండ్రంగా కత్తిరించిన పచ్చటి పొదల రీల్స్ పెట్టి, "సీమ మొత్తం డోర్ డెలివరీ" అని రోజూ ఊదరగొట్టే పేజీ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

బాక్స్‌వుడ్ అంటే కంచెకు వేసే చిన్న ఆకుల గుబురు పొద. అవి నూట యాభై మొక్కలు, ఒక్కోటి 180 రూపాయలు, డబ్బంతా ముందే కట్టించుకున్నాడు. గార్లదిన్నె వైపు చీనీ (బత్తాయి) తోటను ఆనుకుని ఉన్న ఇంటికి కంచె కోసం తెప్పించినవి. లోడు దిగింది. నల్ల కవర్లలో ఉన్నవి ఒక్కటంటే ఒక్కటి కూడా బాక్స్‌వుడ్ కాదు. అన్నీ కామినీ మొక్కలు, మురయ అంటామే, అవే. పొట్టి రకం.

ఫోన్ చేస్తే మొదట "ఇది ఇండియన్ బాక్స్‌వుడ్ సార్" అన్నాడు. ఇది బాక్స్‌వుడ్ కాదు, మురయ, ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తోంది అంటే, "ఆకు చిన్నగా ఉంది, పచ్చగా ఉంది, కత్తిరిస్తే గుండ్రంగా వస్తుంది, మీకింకేం కావాలండీ? మీ ఊర్లో తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. సరే, తేడా సంగతి పక్కన పెట్టు, ఇక్కడ పక్కనే ఆరెకరాల చీనీ తోట ఉంది, ఈ మొక్క సిల్లా పురుగుకు ఇష్టమైన మేత, తీసుకెళ్లిపో అని చెబితే ఆయన ఇచ్చిన జవాబు ఇది: "తోట మీది, పురుగు మీది. నేను మొక్క అమ్మాను, అంతే." ఫోన్ పెట్టేశాడు. తర్వాత నంబరు బ్లాక్. పేజీ కింద రాసిన కామెంటు గంటలో మాయం.

డబ్బు పోయినందుకు కాదు ఇంత కోపం. ఆ మాటకు. కొన్నవాడికి తెలియకపోవచ్చు, అమ్మేవాడికి బాగా తెలుసు. తెలిసి కూడా చీనీ రైతు ఇంటి గుమ్మం దాకా ఆ మొక్కను పంపి "పురుగు మీది" అంటాడా! ఏడెనిమిదేళ్లు నీళ్లు మోసి పెంచిన చెట్లు అవి. బోరు ఎండిపోతే ట్యాంకర్లతో తడిపి బతికించుకున్న చెట్లు.

ఆ మాట ఎంత ప్రమాదమో తెలియని వాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్నా. చీనీ, నిమ్మ చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసేది సిల్లా పురుగు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు, గోధుమ రంగు మచ్చల రెక్కలు. ఆకు మీద తల కిందికి, తోక పైకి ఎత్తి ఏటవాలుగా కూర్చుంటుంది, దాన్ని గుర్తుపట్టడానికి ఆ కూర్చునే తీరు చాలు. గ్రీనింగ్ బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. ఒకసారి చెట్టుకు పట్టిందంటే మందు లేదు. ఆకులో ఈనెకు ఒక పక్క పసుపు, ఇంకో పక్క పచ్చ, సమానంగా ఉండని మచ్చలు. కాయ చిన్నదై ఒక పక్కకు వంకర తిరుగుతుంది, రంగు తిరగాల్సిన కాలంలో కూడా అడుగు భాగం పచ్చగానే ఉండిపోతుంది, రసం చేదు. చివరికి చెట్టు పీకెయ్యడమే.

మురయ కూడా నిమ్మ కుటుంబం మొక్కే. సిల్లా పురుగు దాని మీద హాయిగా పెరుగుతుంది. మొక్కకు పైకి పెద్దగా ఏమీ కనిపించదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ పురుగు గుడ్లు పెట్టేది లేత చిగురు మీద మాత్రమే. చీనీ తోటలో చిగురు కాలాన్ని బట్టి వస్తుంది, ముదిరాక పురుగుకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. కంచెను మాత్రం నెలకోసారి కత్తిరిస్తాం కదా, కత్తిరించిన ప్రతిసారీ కొత్త చిగురు తోసుకొస్తుంది. అంటే ఏడాది పొడవునా పురుగుకు లేత మేత సిద్ధం. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, మన వేడికి రెండు మూడు వారాల్లోనే గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా వచ్చేస్తుంది. తోటలో ఎంత మందు కొట్టినా పక్క కంచెలోంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 1998లో ఈ పురుగు కనబడింది, 2005లో గ్రీనింగ్ బయటపడింది. మధ్యలో పురుగును ఊరూరా చేర్చిన వాటిలో నర్సరీల్లో అమ్మిన మురయ మొక్కలు కూడా ఉన్నాయి. అక్కడి నారింజ తోటలు ఏమయ్యాయో చీనీ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మొక్కను ఎలా గుర్తుపట్టాలో చెబుతా. డబ్బు కట్టకముందే చూడాల్సినవి ఇవే.

మొదట కణుపు చూడండి. అసలు బాక్స్‌వుడ్‌లో ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కో ఆకు ఒకటిన్నర నుంచి మూడు సెంటీమీటర్లు, మందంగా, పైన నిగనిగలాడుతూ ఉంటుంది. అంచుకు రంపపు పళ్లు ఉండవు. కొన గుండ్రంగా ఉండి కొంచెం నొక్కుకుపోయినట్టు ఉంటుంది. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి. మురయలో మనం ఆకు అనుకునేది ఆకు కాదు, ఆకులో ఒక ముక్క. కరివేపాకు రెబ్బలాగే ఒక ఈనెకు మూడు నుంచి తొమ్మిది దాకా చిట్టి ఆకులు, అటొకటి ఇటొకటి. అనుమానం ఉంటే మొగ్గ వెతకండి: చిట్టి ఆకు మొదట్లో మొగ్గ ఉండదు, రెబ్బ మొత్తం కొమ్మకు అతుక్కున్న చోటే ఉంటుంది.

తర్వాత ఆకును ఎండకు అడ్డం పెట్టి చూడండి. సూది గుచ్చినట్టు వెలుతురు చుక్కలు కనబడితే అది నిమ్మ కుటుంబం కావొచ్చు, బాక్స్‌వుడ్ మాత్రం కానే కాదు. నలిపి వాసన చూడండి. బాక్స్‌వుడ్ వాసన బాగుండదు, పిల్లి ఉచ్చ కంపు అంటారు దాన్ని. తెల్లటి సువాసన పూలు, ఎర్రటి చిన్న పండ్లు ఉంటే మురయ. బాక్స్‌వుడ్ పూలకు రేకులే ఉండవు, పసుపుపచ్చ కేసరాల గుత్తి మాత్రమే. దాని కాయకు పైన మూడు కొమ్ములు ఉంటాయి, లోపల నల్లటి మెరిసే గింజలు.

వేరే మొక్కలు అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. గిల్లితే పాలు కారితే అది ఫైకస్. ఆకు గరుకుగా ఉండి కొనలో మూడు నొక్కులు ఉంటే బోన్సాయ్ వాళ్లు వాడే కార్మోనా. ఆకులు ఎదురెదురుగానే ఉన్నా అంచుకు సన్నటి పళ్లు ఉంటే యువోనిమస్. డ్యూరాంటాకు ఎదురెదురు ఆకులు, పలకల కొమ్మ రెండూ ఉంటాయి, దాంతో చాలామంది మోసపోతారు. దాని ఆకు పలచన, కొనవైపు పళ్లు, ముదురు కొమ్మలకు ముళ్లు కూడా వస్తాయి.

ఇంకో మాట, ఆ పేజీలో ఉన్న ఫొటోల్లో సగం మొక్కలవే కావు. పెళ్లిళ్ల డెకరేషన్‌కు వాడే ప్లాస్టిక్ బాక్స్‌వుడ్ మ్యాట్‌ను దగ్గర నుంచి తీసిన ఫొటోలు. జూమ్ చేస్తే ఆకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, కింద జాలీ గళ్లతో సహా కనబడతాయి.

సరే, ఆయన నిజమైన బాక్స్‌వుడ్డే పంపాడనుకుందాం. అప్పుడూ నష్టమే. అది యూరప్, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల చల్లటి చోట్ల పుట్టిన పొద. మన దేశంలో ఉన్న బాక్స్ జాతి కూడా పశ్చిమ హిమాలయాల్లో దాదాపు 1800 మీటర్ల ఎత్తు మీద పెరుగుతుంది. మన సున్నపు నేలను, బోరు నీళ్లలోని సున్నాన్ని చాలావరకు తట్టుకుంటుంది, ఇంగ్లండులో సుద్ద గుట్టల మీద అడవిగా పెరిగిన మొక్క అది. తట్టుకోలేనిది ఎండను. వేర్లు నేల పైపొరలోనే, కొద్ది అంగుళాల లోతులోనే ఉంటాయి. కర్నూలులో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు కొడితే ఆ పైపొర కాలిపోతుంది, ఆకు రాగి రంగుకు తిరిగి కొమ్మకొమ్మే ఎండుతుంది. ఎండుతోందని రోజూ నీళ్లు పోస్తే నల్లరేగడిలో వేరు కుళ్లి పోతుంది. రెండు వైపులా దెబ్బే. తూర్పు ఎండ మాత్రమే తగిలే చోట, కుండీలో, మీద షేడ్ నెట్ కట్టి ఒకటి రెండు మొక్కలు సరదాగా పెంచుకుంటే పెంచుకోండి. రోడ్డు పక్క యాభై అడుగుల కంచె వేయడానికి మాత్రం అది మన నేలకు పనికిరాదు.

"నెలకు అడుగు పెరుగుతుంది" అని పేజీలో రాశాడు చూడండి, ఆ ఒక్క మాటే చాలు పట్టుకోవడానికి. బాక్స్‌వుడ్ నచ్చిన చోట కూడా ఏడాదికి పది, పదిహేను సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. అంత నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టే దాని చెక్క అంత గట్టి, పచ్చి చెక్క నీళ్లలో మునిగిపోతుంది. చదరంగం పావులు, పిల్లనగ్రోవులు, అచ్చు బొమ్మల చెక్కలు దాంతో చేసేవాళ్లు. అడుగడుగున్నర ఎత్తున్న గుబురు మొక్కను నిజంగా పెంచి అమ్మేవాడికి ఏళ్లు పడుతుంది. గింజల ప్యాకెట్లు అమ్మేవాళ్లను అసలే నమ్మొద్దు. ఈ మొక్కను మామూలుగా కొమ్మ కత్తిరించి నాటి పెంచుతారు, వేరు రావడానికే నెలలు పడుతుంది.

"మేకలు తిన్నా ఏం కాదు" అని ఇంకో అబద్ధం. బాక్స్‌వుడ్ ఆకు, కొమ్మ, గింజ అన్నిటిలో విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి. కత్తిరించిన రెమ్మలు గొర్రెలు, మేకలు, ఆవులు తిరిగే చోట పడేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. సీమలో మంద తిరగని వీధి ఏది?

"హాలెండ్ ఇంపోర్టెడ్" అని ఎవరైనా అంటే దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ చూపించమనండి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అవి లేకుండా బయటి దేశం మొక్క రాకూడదు. ఉత్తినే పెట్టిన రూలు కాదది. 1990లలో ఇంగ్లండులో మొదలైన బాక్స్ బ్లైట్ తెగులు, 2007లో జర్మనీలో కనబడిన తూర్పు ఆసియా గొంగళి పురుగు కలిసి యూరప్‌లో వందల ఏళ్ల నాటి కంచెలను మోడులు చేశాయి.

ఇప్పటికే ఈ మురయ నాటేసినవాళ్లు, చీనీ, నిమ్మ దగ్గరలో ఉంటే ముందు కత్తెర పక్కన పెట్టండి, చిగురు రానివ్వొద్దు. తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని కర్రతో నాలుగు దెబ్బలు కొట్టండి, పురుగు ఉంటే కాగితం మీద రాలి ఎగురుతుంది. లేత చిగురులో తెల్లటి మైనం దారాల్లాంటివి, ముడుచుకున్న ఆకులు కనబడితే పిల్ల పురుగులు ఉన్నట్టే. అలా ఉంటే వెంటనే పీకొద్దు, పీకితే పెద్ద పురుగులు లేచి నేరుగా చీనీ మీదికి పోతాయి. ముందు మందు కొట్టి, పురుగు చచ్చాక పీకి, అక్కడే తగలబెట్టాలి. ఏ మందు, లీటరుకు ఎంత అన్నది మీ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి: అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి. పూత మీద ఉన్నప్పుడు కొట్టొద్దు, తేనెటీగలు చస్తాయి.

కంచె కావాలంటే గోరింట ఉంది, అడుగు దూరంలో నాటి మొదటి ఏడాది రెండు మూడుసార్లు తల తుంచితే కింది నుంచే గుబురు కడుతుంది. గుట్టల మీద మొండిగా బతికే బందారు ఉంది. మంద రాకూడదనుకుంటే వాక్కాయ ముళ్లు చాలు. ఇవేవీ నిమ్మ కుటుంబం కావు.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఊరుకోవద్దు. కణుపు దగ్గర ఫొటో, రెబ్బ మొత్తం కనబడే ఫొటో, కవరు విప్పేటప్పటి వీడియో, ఆయన రాసిన "బాక్స్‌వుడ్" ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు అన్నీ దాచుకోండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్ షాపింగ్ సైటు ద్వారా కొనుంటే 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. "ప్రాణమున్న మొక్క, రిటర్న్ లేదు" అంటాడు. మొక్క చచ్చిందని మనం అడగడం లేదు, అడిగిన మొక్క పంపలేదని అడుగుతున్నాం. ఆ మాటే రాతలో పెట్టండి.

తాడిపత్రి, పులివెందుల వైపు ఇంకో లోడు పంపుతున్నానని పేజీలో మళ్లీ పెట్టాడు. బుక్ చేసుకున్నవాళ్లు మిగతా డబ్బు కట్టకముందే కణుపు దగ్గర తీసిన ఫొటో పంపమనండి, పంపకపోతే లోడు దించుకోవద్దు. చీనీ తోటలున్న మీ చుట్టాలకు ఈ పోస్టు ఇవాళే పంపండి.