ఎన్‌వీడీఏ: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఎన్‌వీడీఏ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ముందు చెప్పేది ఒకటే, ఆ గొంతు విని పారిపోకండి. నాకు చూపు బొత్తిగా లేదు. చదువైనా ఉద్యోగమైనా కంప్యూటర్‌లో చేసేదంతా తెర మీద ఉన్నది చదివి వినిపించే ఈ స్క్రీన్ రీడర్ మీదే, ఏళ్ల నుంచీ పొద్దస్తమానం చెవిలో ఇదే మోగుతుంటుంది. దీంతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతు మాత్రం రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. పక్కన కూర్చున్నవాళ్లు కాసేపు విని "ఎలా భరిస్తున్నారండీ దీన్ని" అంటారు. భరించడం ఏమీ లేదు, వేరే గొంతులున్నా కావాలనే దీన్ని పెట్టుకున్నా.

ఎందుకంటే మనిషిలా మాట్లాడే గొంతులు మామూలు వేగంలో ఎంత బాగున్నా, వేగం పెంచేకొద్దీ మాటల్ని మింగేస్తాయి. ఈస్పీక్ అలా కాదు. ఎవరో చదివి రికార్డు చేసిన ముక్కల్ని అతికించే పద్ధతి కాదిది, శబ్దాన్ని లెక్క ప్రకారం అప్పటికప్పుడు పుట్టిస్తుంది, అందుకే ఎంత పరుగెత్తించినా మాట విడివిడిగా వినిపిస్తుంది. సెట్టింగుల్లో రేట్ బూస్ట్ అని ఒక టిక్ పెట్టుకునే గడి ఉంది, దాన్ని పెట్టాక నా కంప్యూటర్ మాట్లాడేది ఇంట్లో ఎవరికీ అర్థం కాదు (అదీ ఒక సౌకర్యమే అనుకోండి). ఇంకో సంగతి, కీ నొక్కీ నొక్కగానే మాట వస్తుంది. కింది బాణంతో వరసలు దిగుతూ పోయేటప్పుడు ప్రతి వరసకీ కాస్త ఆగి మాట్లాడే గొంతుతో రోజంతా పని చేయడం నా వల్ల కాదు. కథో నవలో తీరిగ్గా వినాలనుకుంటే అప్పుడు మంచి గొంతుకి మారతాను, ఆఫీసు పనికి మాత్రం ఇదే.

ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. ఉచితం, సోర్సు కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే వేరేవాళ్ల కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది, ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది.

వెబ్ పేజీల్లో దీని పని బాగుంటుంది, పేజీ సరిగ్గా తయారు చేసి ఉంటే. హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, కె నొక్కితే లింక్ నుంచి లింక్‌కి, ‘ఈ’ (E) నొక్కితే టైపు చేసే గడికి పోతుంది, ఇన్సర్ట్ ఎఫ్7 నొక్కితే లింకులూ శీర్షికలూ అన్నీ జాబితాగా వస్తాయి. పేజీ సరిగ్గా లేకపోతే మాత్రం ఎన్‌వీడీఏ అయినా ఏం చేస్తుంది? ఆ మధ్య ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతున్నా. పేరు, చిరునామా దాకా హాయిగా పోయింది. తర్వాత వరసగా "బటన్, బటన్, బటన్" అంటోంది, ఏ బటన్‌కీ పేరు పెట్టలేదు. పుట్టిన తేదీ దగ్గర క్యాలెండర్ మౌస్‌తో తప్ప తెరుచుకోదు. అవన్నీ ఎలాగోలా దాటాక చివర్లో బొమ్మలో ఉన్న అక్షరాలు చూసి టైపు చేయమంది, వినే ఏర్పాటు లేదు. ఇంకొకరిని పిలిచి చేయించాల్సి వచ్చింది. నా వివరాలన్నీ వాళ్ల ముందు పెట్టి.

ఇక తెలుగు. ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది, యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాన్ని లోపల కూడా తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలో, ఉన్నది ఏదైనా చదువుతుంది, మధ్యలో ఇంగ్లిష్ లిపిలో మాట వస్తే దాన్ని ఇంగ్లిష్‌గానే పలుకుతుంది. యాస వింతగా ఉంటుంది, అలవాటైపోతుంది. తప్పు పలికే పేర్లను స్పీచ్ డిక్షనరీలో ఒకసారి చేర్చుకుంటే చాలు. అసలు తలనొప్పి పాత ఫాంట్లతో. అవతలివాళ్లు పీడీఎఫ్ పంపి "తెలుగులోనే ఉంది కదండీ" అంటారు. కంటికి తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ, తెరపైన వాటికి తెలుగు ఆకారం తొడిగారంతే. నాకు వినిపించేది అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గోల. స్కాన్ చేసి పంపితే ఆ గోల కూడా ఉండదు, మౌనం. ఇన్సర్ట్ ఆర్ నొక్కితే విండోస్ ఓసీఆర్ బొమ్మలోని అక్షరాల్ని చదువుతుంది గానీ అందులో తెలుగు లేదు. అందుకని ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరుస్తాను, తెలుగు చాలావరకు బాగానే వస్తుంది. థ, ధ ఒకదాని బదులు ఒకటి పడటం, ఒత్తులు ఎగిరిపోవడం మామూలే, అంత వేగంలో వింటుంటే అవి చెవికి దొరకవు కూడా.

అక్షర దోషాలు పట్టుకోవడానికి చెవి చాలదు, ఇది గట్టిగానే చెబుతున్నా. దానికి బ్రెయిలీ డిస్‌ప్లే కావాలి, చుక్కలు పైకీ కిందికీ కదులుతూ వరసని వేళ్ల కిందికి తెస్తాయి. ఎన్‌వీడీఏలో తెలుగు బ్రెయిలీ పట్టిక ఉంది. ఖరీదు సంగతే ఇబ్బంది, ఒకసారికి కొద్ది అక్షరాలే చూపే ఆ పరికరానికి పెట్టే డబ్బుతో మంచి ల్యాప్‌టాప్ వస్తుంది.

చాలామందికి తెలియనిది స్క్రీన్ కర్టెన్. కంట్రోల్, ఇన్సర్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెర నల్లబడుతుంది, మాట మాత్రం మామూలుగా వస్తుంది. ప్రయాణంలో పక్కవాళ్లు తొంగిచూస్తారేమో అన్న టెన్షన్ ఉండదు. నేను దాన్ని దాదాపు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతా.

కొత్తగా వేసుకునేవాళ్లు ఇంకేమీ ముట్టుకోకముందే ఇన్సర్ట్ 1 నొక్కండి. అప్పుడు ఏ కీ నొక్కినా ఆ పని జరగదు, అది ఏం చేసే కీనో చెబుతుంది అంతే, కాబట్టి భయం లేకుండా కీబోర్డంతా తడిమి చూసుకోవచ్చు. చాలనిపిస్తే మళ్లీ ఇన్సర్ట్ 1. వాగుడు ఎక్కువైతే కంట్రోల్ నొక్కండి, నోరు మూసుకుంటుంది.