డిజిటల్ ట్విన్‌తో రెండున్నరేళ్లు: మా బిల్డింగ్ అనుభవం

నానక్‌రామ్‌గూడలో ఒక పదకొండు అంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌కి నేను ఫెసిలిటీ మేనేజర్‌ని. 2022 అక్టోబరులో హైదరాబాద్‌కి 5జీ వచ్చిన ఊపులో, ఆ మరుసటి ఏడాదే మా ఓనర్లు డిజిటల్ ట్విన్ పెట్టించారు. అంటే కంప్యూటర్‌లో మా బిల్డింగ్‌కి ఒక జోడు. గదులు, చిల్లర్లు (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రాలు), ఏహెచ్‌యూలు (ఆ నీళ్లతో గాలిని చల్లబరిచి ఫ్లోర్లకి పంపే ఫ్యాన్ యూనిట్లు), పైపులు అన్నీ అందులో ఉంటాయి. సెన్సర్ల నుంచి రీడింగులు వెళ్తూనే ఉంటాయి. ఇంత ఎండకి, ఇంతమంది ఉంటే కరెంటు ఇంత కాలాలి అని అది లెక్క కడుతుంది. ఆ లెక్కకీ మీటరుకీ మధ్య తేడా వచ్చినప్పుడే దానితో అసలు పని. రంగురంగుల త్రీడీ బొమ్మ చుట్టాలొస్తే చూపించడానికే. నేను అది తెరిచి నెలలైంది.

మొదటి వేసవిలోనే ఈ తేడా విలువ తెలిసింది. ఆరో అంతస్తులో రాత్రి ఏహెచ్‌యూ ఆపేశాక కూడా చల్లనీళ్లు పారుతున్నట్టు చూపిస్తోంది. బీఎంఎస్ (బిల్డింగ్ యంత్రాలని చూసుకునే కంప్యూటర్ సిస్టమ్) స్క్రీన్ మీదేమో వాల్వ్ సున్నా శాతం, అంటే పూర్తిగా మూసి ఉంది. పైకి వెళ్లిన మా ప్లాంట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు: "సార్, స్క్రీన్ల బందే ఉంది గానీ, పైపు పట్టుకుంటే మస్తు చల్లగుంది." చూస్తే యాక్చువేటర్ (వాల్వ్‌ని తిప్పే మోటారు) తిరుగుతోంది, వాల్వ్ మాత్రం కదలడం లేదు. ఆ ఫ్లోర్ వాళ్లు మే నెలలో స్వెటర్లు వేసుకుని కూర్చుంటే, ఏసీ బాగా పనిచేస్తోందని మేం మురిసిపోయాం!

ఫ్యాన్లదీ ఇదే కథ. అవసరమున్నా లేకున్నా 50 హెర్ట్జ్ మీదే, అంటే పూర్తి వేగంతోనే తిరిగేవి. ట్విన్ చూపించిన ఫ్లోర్లలో 40కి దించాం. వేగం ఐదో వంతు తగ్గితే ఫ్యాన్ తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. సోమవారం పొద్దున ఐదున్నరకే చిల్లర్ ఆన్ చేయడం మా దగ్గర ఆచారం, డిసెంబరులో కూడా. ఇప్పుడు టైం ట్విన్ చెప్తుంది. చలికాలంలో బయటి గాలితోనే పదింటిదాకా లాగించేస్తున్నాం.

ఇక నెట్‌వర్క్. అమ్మేటప్పుడు 5జీ, 5జీ అని ఊదరగొట్టారు. చిల్లర్ ప్లాంట్ ఉన్న రెండో బేస్‌మెంట్‌లో ఫోన్ సిగ్నలే సరిగా రాదు; చివరికి కేబుల్ లాగాం. పైఅంతస్తుల్లో గోడలు తవ్వకుండా వందల సెన్సర్లు పెట్టుకోవడానికి వైర్‌లెస్ బాగా కలిసొచ్చింది, కాదనను. కానీ గది ఉష్ణోగ్రత మారడానికి నిమిషాలు పడుతుంది, మిల్లీసెకన్ల వేగం దానికెందుకు? కంట్రోల్ బిల్డింగ్‌లోనే ఉండటం అంతకంటే ముఖ్యం. మొదట్లో అంతా క్లౌడ్ నుంచే, అంటే ఇంటర్నెట్‌లో బయటి సర్వర్ల నుంచే నడిచేది. ఒకరోజు రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగింది. పొద్దుటి సెట్‌పాయింట్ (ఎంత చల్లగా ఉంచాలో పెట్టిన ఉష్ణోగ్రత) సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. ఆ రోజు నాకు వచ్చిన ఫోన్లు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఇప్పుడు ట్విన్ సలహా ఇస్తుంది, నడిపేది మాత్రం లోకల్ కంట్రోలరే.

నాకున్న పెద్ద కోపం వేరే. నాలుగో ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లు హాల్ మధ్యలో రెండు మీటింగ్ రూములు కట్టుకున్నారు. ట్విన్‌కి అదింకా ఖాళీ హాలే. ఆ గదుల్లో జనం ఉడికిపోతుంటే, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. మోడల్ మార్చడానికి కంపెనీ వాళ్లు విడిగా బిల్లు వేశారు. సెన్సర్లను ఏటా సరిచూడటం కూడా కాంట్రాక్టులో లేదు. టీ మెషిన్ పక్కన పెట్టిన సెన్సర్‌ని నమ్మి ఒక ఫ్లోర్‌ని వారంపాటు ఫ్రిజ్ చేసింది ఈ ట్విన్.

గత నెల రెన్యువల్‌కి సంతకం పెట్టాను. ఏడాదికి రెండుసార్లు మోడల్ మార్పులు, సెన్సర్ల చెకింగ్ అందులో రాయించాను. బదులుగా త్రీడీ లైసెన్స్ తీసేయించాను.