అమ్మకమా, నిరాకరణా, భాగస్వామ్యమా: ఫ్యాక్టరీ వచ్చిన జావా పల్లెకు ఏది మేలు?

ఇండోనేషియాలోని తూర్పు జావా రాష్ట్రం, తుబాన్ జిల్లా, జెను మండలంలో ఉన్న సుముర్‌గెనెంగ్ 2021 వరకు బయటివారికి పెద్దగా తెలియని ఊరు. వానల మీద ఆధారపడి మొక్కజొన్న, వేరుశనగ, మిరప పండించుకోవడం, ఇంటి వెనుక కొట్టంలో రెండు మూడు పశువులను పెంచుకోవడం ఆ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాల జీవనాధారం. తుబాన్ అంతటా తాటిచెట్లు ఎక్కువ. అక్కడివారు తాటినీరా తాగుతారు, కల్లు గీస్తారు, ముంజలు అమ్ముతారు కనుక ఆ ప్రాంతపు పొలంగట్లు తెలుగువారి కంటికి కొత్తగా కనిపించవు. అయితే అదే సముద్రతీరంలో 1990ల నుంచి సిమెంటు కర్మాగారాలు, ఆ తరువాత పెట్రోకెమికల్ కర్మాగారం, బొగ్గు విద్యుత్కేంద్రం ఒకటొకటిగా లేచాయి. చివరికి ఇండోనేషియా ప్రభుత్వ చమురు సంస్థ పెర్టమీనా, రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్ కలిసి రోజుకు 3 లక్షల పీపాల సామర్థ్యంతో నిర్మించదలచిన చమురు శుద్ధి కర్మాగారానికి జెను మండలంలోని పొలాలు అవసరమయ్యాయి.

2021 ఫిబ్రవరిలో, లారీల మీద వరుసగా ఊళ్లోకి దిగుతున్న కొత్త కార్ల వీడియో ఇండోనేషియా అంతటా పాకింది. దాదాపు 840 కుటుంబాలున్న ఊళ్లో సుమారు 225 కుటుంబాలు భూమి అమ్మాయని, సగటున ఒక్కొక్కరికి 800 కోట్ల రూపియా, అంటే మన లెక్కలో ఇంచుమించు 4 కోట్ల రూపాయలు ముట్టాయని, 176 కొత్త కార్లు ఊరికి చేరాయని గ్రామ పెద్ద అప్పట్లో విలేకరులకు చెప్పారు. డబ్బు అందుకున్నవారిలో అత్యధికులు కారు కొన్నారని, చాలామంది వేరేచోట మళ్లీ భూమి కొన్నారని, సగం మంది ఇల్లు కట్టుకున్నారని, వ్యాపారంలో పెట్టినవారు మాత్రం చాలా తక్కువని కూడా ఆయన చెప్పారు. దేశమంతా కార్ల గురించే మాట్లాడుకుంది. ఆ వార్తలో నన్ను నిలిపింది మాత్రం మరో లెక్క. 840లో 225 తీసివేస్తే 600కు పైగా కుటుంబాలు మిగులుతాయి. ఆ అమ్మకంలో భాగం లేని ఆ కుటుంబాలను పక్కన పెట్టి ఏది మేలో తేల్చడం న్యాయం కాదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా అమ్మకం సంగతి. చదరపు మీటరుకు 6 నుంచి 8 లక్షల రూపియా ధర పలికింది. మధ్యస్థంగా 7 లక్షలు అనుకుంటే ఎకరాకు మన డబ్బులో దాదాపు కోటిన్నర రూపాయలు. వర్షాధార మెట్టభూమికి అది మామూలు ధర కాదు. ఆ ఊరి రైతులను తెలివితక్కువవారన్నట్టు మాట్లాడిన పట్టణవాసులు కనీసం కాగితం మీద లెక్క వేసి చూడలేదు. 800 కోట్ల రూపియాను బ్యాంకులో వేసి, ఏడాదికి 3 శాతం వడ్డీ మాత్రమే వచ్చి, అందులో 20 శాతం పన్ను పోయినా నెలకు కోటీ 60 లక్షల రూపియా చేతికి వస్తుంది. ఆ ఏడాది తుబాన్ జిల్లాలో కనీస నెలజీతం సుమారు 25 లక్షల రూపియా. అంటే ఆరుగురు కార్మికుల జీతం కదలకుండా ఇంటికి వస్తున్నట్టే. దాదాపు మూడెకరాలు అమ్మిన ఇంటికి ఇది నష్టపు బేరం అని చెప్పలేము.

అరెకరం అమ్మిన ఇంటికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. రెండు వేల చదరపు మీటర్లకు 140 కోట్ల రూపియా వస్తుంది. దానిని పూర్తిగా బ్యాంకులో పెడితే వడ్డీ నెలకు 28 లక్షలు, అంటే ఒక్క కనీస జీతం. అందులోంచి ఇల్లు బాగుచేసుకుని, ఒక కారు కొని, పిల్ల పెళ్లి చేస్తే వడ్డీ సగానికి సగం పడిపోతుంది. మిగిలిన అసలు విలువను ఏటా పెరిగే ధరలు కొరుక్కు తింటాయి. జావాలో అర హెక్టారు కూడా లేని రైతులే అత్యధికం కనుక, సగటు చూపి అందరూ కోటీశ్వరులయ్యారనడం పెద్ద కమతాల అదృష్టాన్ని చిన్న కమతాలకు అంటగట్టడమే. మళ్లీ భూమి కొన్నవారి నిర్ణయం నాకు అన్నిటికంటే వివేకంగా కనిపిస్తుంది. అయితే ఒకేసారి ఇంతమంది చేతిలో డబ్బుతో బయలుదేరితే చుట్టుపక్కల భూముల ధర కదలకుండా ఉండదు. అమ్మినంత భూమి మళ్లీ రావాలంటే దూరం పోవాలి, దూరపు పొలానికి కౌలుదారు కావాలి, అప్పుడు రైతు కాస్తా భూస్వామి అవుతాడే తప్ప రైతుగా మిగలడు.

2022 జనవరిలో సుముర్‌గెనెంగ్‌తో పాటు వదుంగ్, కలియుంతు, బెజి వంటి ఇరుగుపొరుగు ఊళ్లవారు పెర్టమీనా ప్రాజెక్టు కార్యాలయం ముందు నిరసనకు దిగారు. భూమి తీసుకునేటప్పుడు ఉద్యోగాలు వస్తాయన్నారని, స్థానికులకు ముందు వరుస ఇవ్వాలని వారి డిమాండు. భూమి అమ్ముకున్న కొందరు పెద్దలు ఇంట్లో పశువులను ఒక్కొక్కటిగా అమ్ముకుంటూ నెట్టుకొస్తున్నామని విలేకరులతో చెప్పారు. మొక్కజొన్న పొలం పోయాక మేత పోతుంది, మేత పోయాక పశువు భారమవుతుంది.  పైగా శుద్ధి కర్మాగారం నిర్మాణం అనుకున్న వేగంతో ముందుకు సాగలేదు, పెట్టుబడిపై తుది నిర్ణయం పదే పదే వాయిదా పడింది. పొలం వెంటనే పోయింది, ఉద్యోగం మాత్రం ఎప్పటికో అన్నట్టు మిగిలింది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ సంవత్సరాలను పరిహారపు లెక్కలో ఎవరూ కట్టలేదు. ఈ బేరంలోని పెద్ద లోపం ఇదే.

రెండో దారి అమ్మకపోవడం. దీనికి ఉదాహరణ పక్క రాష్ట్రమైన మధ్య జావాలో, తుబాన్‌కు ఆనుకుని ఉన్న రెంబాంగ్ జిల్లాలో కనిపిస్తుంది. అక్కడి కెండెంగ్ కొండలు సున్నపురాతి కొండలు. వాన నీటిని లోపలికి పీల్చుకుని ఊటలుగా కిందికి వదులుతాయి. ఆ సున్నపురాయే సిమెంటుకు ముడిసరుకు. పక్కనున్న పాటి జిల్లాలోని సుకొలిలో మండలపు రైతులు సిమెంటు కర్మాగారానికి వ్యతిరేకంగా పోరాడి సుప్రీంకోర్టులో గెలిచారు. కంపెనీ రెంబాంగ్ వైపు తిరిగింది. 2014 జూన్‌లో తెగల్దోవో తదితర ఊళ్ల మహిళలు కర్మాగారానికి వెళ్లే దారిలో గుడారం వేసుకుని కూర్చున్నారు. 2016 ఏప్రిల్‌లో తొమ్మిది మంది రైతు మహిళలు జకార్తాలో అధ్యక్ష భవనం ముందు చెక్కపెట్టెల్లో పాదాలు పెట్టి, వాటిలో సిమెంటు పోయించుకుని కూర్చున్నారు.  సిమెంటు గట్టిపడ్డాక ఆ చెక్కపెట్టెలతో సహా వారిని ఇతరులు మోసి కదిలించాల్సి వచ్చేది. ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కర్మాగారం పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2017 ఫిబ్రవరిలో గవర్నరు కొత్త అనుమతి ఇచ్చారు. మార్చిలో మళ్లీ పాదాలకు సిమెంటు పోసుకుని నిరసన తెలిపినవారిలో ఒక మహిళ జకార్తాలోనే కన్నుమూశారు.

అయినా కర్మాగారం లేచింది. నిరాకరణ వల్ల ఏం దక్కింది అంటే, అమ్మననుకున్నవారి పొలం వారి దగ్గరే ఉంది. ఆ కొండల్లోని వతుపుతిహ్ భూగర్భజల ప్రాంతం స్థితి తేలేదాకా అక్కడ తవ్వకం జరపరాదని 2017లో ప్రభుత్వమే చేయించిన పర్యావరణ అధ్యయనం సిఫార్సు చేసింది. పోయినదీ తక్కువ కాదు. ఏళ్ల తరబడి పనులు మానుకుని గుడారంలో గడపడం, కర్మాగారంలో పనికి వెళ్లే ఇరుగుపొరుగుతో మాటలు తెగిపోవడం, కోర్టుల చుట్టూ తిరగడం, చివరికి ఒక ప్రాణం. నీటి ఊట మీద పదుల ఊళ్లు బతికేచోట ఈ మూల్యం చెల్లించడం సబబే అని నా నమ్మకం, ఎందుకంటే కొండను తవ్వేస్తే ఆ ఊటను పరిహారంతో తిరిగి తెప్పించలేము. కానీ సుముర్‌గెనెంగ్ పొలాల్లో అటువంటి ఊట ప్రశ్న ఇంత తీవ్రంగా లేదు. అక్కడ మరో అడ్డంకి కూడా ఉంది. ప్రజాప్రయోజనం పేరిట భూసేకరణకు 2012లో చేసిన 2వ నంబరు చట్టం ప్రకారం, యజమాని ఒప్పుకోకపోతే పరిహారాన్ని జిల్లా కోర్టులో జమ చేయవచ్చు, అలా జమ కాగానే అతని హక్కు రద్దవుతుంది. జెనులో అమ్మబోమన్న కొందరి విషయంలో ఇదే జరిగింది. కనుక తుబాన్ రైతుకు నిరాకరణ అనేది నిజానికి పూర్తిగా తెరిచి ఉన్న దారి కాదు.

మూడో దారి, భూమినో నీటినో ఊరు తన చేతిలోనే ఉంచుకుని వ్యాపారంలో వాటా తీసుకోవడం. మధ్య జావాలో యోగ్యకర్త, సోలో నగరాల నడుమ క్లాటెన్ జిల్లాలో పొంగ్గోక్ అనే ఊరుంది. అదే మండలంలో పెద్ద కంపెనీ సీసా నీళ్ల కర్మాగారం నడుపుతోంది. ఊరివాళ్లు స్నానానికి, బట్టలు ఉతుక్కోవడానికి వాడుకునే ఊటకొలనును 2009లో ఏర్పాటైన గ్రామ సంస్థ తన చేతిలోకి తీసుకుని పర్యాటక స్థలంగా మలిచింది. నీరు ఎంత తేటగా ఉంటుందంటే, అడుగున మోటారు సైకిలు నిలిపి, దాని మీద కూర్చుని, చుట్టూ చేపలు తిరుగుతుండగా ఫొటో దిగడానికి జనం వస్తారు. ఇళ్లవారు తలా 50 లక్షల రూపియా చొప్పున వాటా పెట్టి నెలనెలా లాభం తీసుకున్నారు. సంస్థ రాబడిలోంచి కళాశాలలో చదివే పిల్లలకు సాయం అందింది. 2017 నాటికి సంస్థ వార్షిక రాబడి వెయ్యి కోట్ల రూపియా దాటింది.

పొంగ్గోక్‌ను నేను మెచ్చుకుంటాను. కానీ ప్రతి ఊరికీ దానిని నమూనాగా చూపే ధోరణితో ఏకీభవించను. మెట్టపొలాల ఊరికి అటువంటి కొలను ఎక్కడినుంచి వస్తుంది? 2020లో కరోనా వల్ల పర్యాటకం ఆగినప్పుడు ఒకే రాబడి మీద నిలబడిన ఊరి బలహీనత కూడా బయటపడింది. పొంగ్గోక్ నుంచి తీసుకోవలసినది కొలను కాదు, యాజమాన్య పద్ధతి. ఇండోనేషియా చట్టాల్లో దానికి అనువైన సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు వ్యక్తులకే గాని సాధారణ కంపెనీలకు దక్కదు. యజమాని తన హక్కు నిలుపుకుంటూనే, దస్తావేజు రాసి కంపెనీకి 30 ఏళ్ల వరకు నిర్మాణ హక్కు ఇవ్వవచ్చు. ఊరి ఉమ్మడి భూమిని అమ్మడానికి వీల్లేదు, తప్పనిసరైతే సమానమైన భూమితో మార్చుకోవాలి. మామూలుగా మూడేళ్లకు మించకుండా అద్దెకిచ్చి, గడువు తీరాక పొడిగించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది 2012 చట్టంలోని 36వ నిబంధన. పరిహారం డబ్బుగానే ఉండనక్కర్లేదు. బదులు భూమి, పునరావాసం, కంపెనీలో వాటా, ఇరువైపులా ఒప్పుకున్న మరో రూపం, ఏదైనా కావచ్చు. సుముర్‌గెనెంగ్‌లో మాత్రం జరిగింది డబ్బు పంపిణీయే. అధికారులకు అది త్వరగా ముగిసే పని, రైతుకు చేతికందే పని, బ్యాంకులకు, కార్ల షోరూములకు లాభసాటి పని.

ఈ మూడింటిలో నా తీర్పు అందరికీ ఒకటి కాదు. రెండు మూడెకరాలు ఉండి, వయసు మళ్లి, పిల్లలు పట్టణంలో స్థిరపడిన రైతుకు ఆ ధరకు అమ్మడమే మేలు. ఊటల మీద ఆధారపడిన కొండ ఊళ్లకు నిరాకరణే మేలు, ఎంత కష్టమైనా సరే. అరెకరం రైతుకు మాత్రం డబ్బు అన్నిటికంటే చెడ్డ రూపం. అతనికి బదులు భూమి, అది దొరకకపోతే సగం డబ్బు, సగం కౌలు వంటి నెలసరి చెల్లింపు మేలు. చమురు కంపెనీలో వాటా వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ నిర్మాణమే మొదలవని ప్రాజెక్టులో వాటా ఏళ్ల తరబడి ఒక్క రూపియా లాభం ఇవ్వదు కనుక, చిన్న రైతుకు దానిని నేను సూచించను.

మరి భూమి లేనివారు? కూలికి నాట్లు, కోతలు చేసేవారు, పొలాన్ని వాటాకు సాగు చేసేవారు, కళ్లంలో మొక్కజొన్న ఒలిచే ఆడవాళ్లు, వీరి పేరు పరిహారపు పట్టికలో ఉండదు, ఎందుకంటే చట్టం హక్కుదారుకు, కట్టడాలకు, మొక్కలకు విలువ కడుతుంది గాని కూలిపనికి కట్టదు. పొలం అమ్ముడైన రోజున యజమాని ఇంట డబ్బు దిగితే కూలి ఇంట పని పోతుంది. ఉద్యోగాల్లో స్థానికులకు ముందు వరుస అనే హామీ వీరికోసం రాతపూర్వకంగా, నిర్మాణం మొదలుకాకముందే, ఎన్ని పనులు, ఏ తేదీ నుంచి అన్నంత వివరంగా ఉండాలి. శిక్షణ ఆ తేదీకి ముందే పూర్తి కావాలి. ఉమ్మడి భూమికి వచ్చే అద్దెలో కొంత భాగం భూమి లేని కుటుంబాలకు ప్రత్యేకంగా కేటాయించాలని గ్రామసభలో తీర్మానించుకోవడానికి ఇప్పుడున్న గ్రామ చట్టం అడ్డు రాదు. ఇంకా భూసేకరణ నోటీసు అందని పల్లెలు జావా ఉత్తర తీరం వెంట ఎన్నో ఉన్నాయి. ఆ తీర్మానం చేసుకోవలసిన సమయం నోటీసుకు ముందే.