లూథర్ ఊళ్లలో నాలుగు రోజులు: ఎక్కడ దిగాలి, ఏది అసలుది

ప్రొటెస్టెంట్ క్రైస్తవానికి దారి తీసిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ పుట్టిందీ పోయిందీ ఒకే ఊళ్లో. 1483 నవంబరు 10న ఐస్‌లేబెన్‌లో పుట్టాడు. 1546 ఫిబ్రవరి 18న, ఏదో తగవు తీర్చడానికి అదే ఊరికి వచ్చి అక్కడే కన్నుమూశాడు. చదువు, సన్యాసం, తిరుగుబాటు, అజ్ఞాతవాసం, సంసారం చాలావరకు దాదాపు 200 కిలోమీటర్ల మేరలో, జర్మనీ నడిమధ్యన జరిగిపోయాయి. రైలులో నాలుగు రోజులకు సరిపోయే యాత్ర ఇది.

జీవితంలో జరిగిన వరుసలోనే ఊళ్లు చూడాలనుకుంటే వెనక్కీ ముందుకీ తిరగడంతోనే రెండు రోజులు పోతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి ఐజెనాఖ్, ఎర్ఫుర్ట్, హాలె, ఐస్‌లేబెన్, విట్టెన్‌బెర్గ్ చూసుకుంటూ బెర్లిన్ చేరడం సులువు. బస మూడు చోట్ల కాకుండా రెండు చోట్లే పెట్టుకోండి: ఎర్ఫుర్ట్‌లో రెండు రాత్రులు, హాలెలో రెండు రాత్రులు. మిగతా ఊళ్లకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

టికెట్ కొనే ముందు ఊరి పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. విట్టెన్‌బెర్గ్ స్టేషన్ పూర్తి పేరు లూథర్‌స్టాట్ విట్టెన్‌బెర్గ్. విట్టెన్‌బెర్గె అని చివర ఒక్క అక్షరం ఎక్కువున్న ఊరు వేరే ఉంది. అది బెర్లిన్ నుంచి హాంబుర్గ్ వెళ్లే దారిలో, పూర్తిగా వేరే దిక్కున ఉంటుంది. హాలె అన్న పేరుతోనూ రెండు ఊళ్లున్నాయి, మనకు కావలసింది జాలె నది ఒడ్డున ఉన్నది. ఐస్‌లేబెన్, ఐజెనాఖ్ పేర్లు చూడ్డానికి ఒకేలా ఉండటంతో హోటల్ బుకింగ్‌లో తారుమారు అవుతుంటాయి.

ఛార్జీల విషయంలో ఇద్దరు అంతకన్నా ఎక్కువ మంది కలిసి వెళ్తే రాష్ట్ర టికెట్ లాభం. సాక్సనీ, సాక్సనీ-అన్హాల్ట్, థురింగియా మూడు రాష్ట్రాల్లోనూ ఒకే టికెట్ చెల్లుతుంది, ఐదుగురి దాకా ఎక్కవచ్చు. పనిదినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ రైళ్లలో పనికిరాదు, వాటికి విడిగా కొనాలి. విట్టెన్‌బెర్గ్ నుంచి బెర్లిన్ దారి బ్రాండెన్‌బుర్గ్ మీదుగా పోతుంది కాబట్టి అక్కడికీ ఇది చాలదు. ఒక్కరే వెళ్లేవారు, జర్మనీలో ఇంకా తిరిగే ఆలోచన ఉన్నవారు దేశమంతటా రీజినల్ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ చూసుకోవచ్చు (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు). అది చందా పద్ధతి. నెల 10వ తేదీ లోపు రద్దు చేయకపోతే తర్వాతి నెల సొమ్ము కూడా పోతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

ఐజెనాఖ్‌లో చూడాల్సింది వార్ట్‌బుర్గ్ కోట. 1521 మే నుంచి 1522 మార్చి దాకా గడ్డం పెంచి, యూంకర్ యోర్గ్ అనే మారుపేరుతో లూథర్ ఇక్కడ దాక్కున్నాడు. 11 వారాల్లో బైబిల్ కొత్త నిబంధనను గ్రీకు నుంచి జర్మన్‌లోకి తెచ్చాడు. స్టేషన్ నుంచి సిటీ బస్సు కొండమీదికి వెళ్తుంది గానీ, బస్సు దిగాక కూడా మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే. లూథర్ గది చిన్నది. ఆయన దయ్యం మీదికి సిరాబుడ్డి విసిరాడన్న మరక కోసం వెతకొద్దు. యాత్రికులు గీరి గీరి ఎప్పుడో లేకుండా చేశారు. అప్పటి బల్లను కూడా ముక్కలుగా చెక్కి పట్టుకుపోయారు. కాళ్లు పెట్టుకునేందుకు ఉంచిన తిమింగలం వెన్నుపూస మాత్రం మిగిలింది. కోటను ఆనుకునే హోటల్ ఉంది. జనం దిగిపోయాక రాత్రి అక్కడ ఉండటం బాగుంటుంది గానీ ఖర్చెక్కువ, పైగా భోజనానికి వేరే చోటు ఉండదు. ఆ డబ్బును ఎర్ఫుర్ట్‌లో పెట్టడం మేలు. సమయం మిగిలితే ఊళ్లో బాఖ్ మ్యూజియం చూడండి. 1685లో పుట్టిన ఆ సంగీతకారుడు, అంతకు రెండు వందల ఏళ్ల ముందు లూథర్ చదివిన లాటిన్ బడిలోనే చదివాడు.

ఎర్ఫుర్ట్‌లో బస అంటే అగస్టీనియన్ మఠమే. 1505 జూలై 2న స్టోటర్న్‌హైమ్ దగ్గర పిడుగు పడ్డప్పుడు, బతికితే సన్యాసి అవుతానని లూథర్ మొక్కుకున్నాడు. జూలై 17న ఈ తలుపు తట్టాడు. ఇప్పుడు మఠంలో అతిథి గదులున్నాయి. శుభ్రంగా, సాదాగా ఉంటాయి, ఆడంబరం ఏమీ ఉండదు. పిల్లలతో వెళ్లేవారికి విసుగనిపించవచ్చు, నిశ్శబ్దం కావాలనుకునేవారికి ఈ దారిలో ఇంతకన్నా మంచి చోటు లేదు. 1945 ఫిబ్రవరి 25న బ్రిటిష్ బాంబులు పడి గ్రంథాలయ భవనం కూలింది, నేలమాళిగలో తలదాచుకున్న 267 మంది చనిపోయారు. కాబట్టి మఠంలో ప్రతి గోడా లూథర్ కాలపుదని అనుకోవద్దు. 1507లో ఆయన గురుపట్టం పొందిన కెథీడ్రల్ ఇక్కడికి పావుగంట నడక.

హాలెను చాలామంది రైలు మారడానికే వాడుకుంటారు. తెలుగువాళ్లు అలా చేయకూడదు. 1698లో మొదలైన ఫ్రాంకె సంస్థల (అనాథాశ్రమం, బడులు) ఆవరణ ఇక్కడే ఉంది. ట్రాంకేబార్‌కు (నేటి తమిళనాడులోని తరంగంబాడి) తొలి లూథరన్ మిషనరీలను పంపిన కార్యంలో ఈ సంస్థలదే పెద్ద చేయి. వాళ్ల తర్వాత వెళ్లిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1743లో హాలె తిరిగి వచ్చి, 1746లో క్రైస్తవ బోధను ప్రశ్న-జవాబుల్లో చెప్పే లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం మొట్టమొదట పుస్తకంగా అచ్చెక్కింది మన నేల మీద కాదు, ఈ ఊళ్లో. అమెరికా నుంచి హెయ్యర్ అనే మిషనరీ గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్ పెట్టింది 1842లో, అంటే అప్పటికి దాదాపు వందేళ్లు గడిచాయి. గుంటూరు, రాజమండ్రి లూథరన్ కుటుంబాల నుంచి వెళ్లేవారికి లూథర్ తన వాదాలను మేకులతో కొట్టాడని చెప్పే విట్టెన్‌బెర్గ్ చర్చి తలుపు కన్నా ఇది దగ్గరి చుట్టం. ఆవరణలో వింతవస్తువుల గది, నాటకరంగం తెరల్లా వరుసలు తీరిన అల్మారాల పాత గ్రంథాలయం తప్పక చూడాలి. సోమవారం సెలవు. తెలుగు ప్రతులు మామూలు సందర్శకులకు బల్లమీద పెట్టి చూపించే వస్తువులు కావు. పరిశోధన కోసం చూడాలంటే వారాల ముందే గ్రంథాలయానికి రాసుకోవాలి.

హాలె బజారులోని నాలుగు గోపురాల మార్క్ట్ చర్చిలో లూథర్ మృతముఖపు అచ్చు, చేతుల అచ్చులు ఉన్నాయి. ఆయన భౌతికకాయాన్ని ఐస్‌లేబెన్ నుంచి తీసుకెళ్తూ ఒక రాత్రి ఇక్కడ ఉంచారు. ఈ చర్చిని కట్టించడం మొదలుపెట్టింది కార్డినల్ ఆల్బ్రెఖ్ట్. 1517 అక్టోబరు 31న చర్చి డబ్బుకు అమ్మే పాపక్షమాపణ పత్రాలను తప్పుబడుతూ లూథర్ ఉత్తరం రాసింది ఆయనకే. ఈ ప్రయాణం మొత్తంలో లూథర్‌కు అతి దగ్గరగా నిలబడేది ఆ అచ్చులున్న చిన్న గదిలోనే.

ఐస్‌లేబెన్‌కు హాలె నుంచి రీజినల్ రైలు ముప్పావు గంట లోపే. పుట్టిన ఇల్లు 1689లో కాలిపోతే 1693 నాటికి మళ్లీ కట్టారు. "మరణించిన ఇల్లు" పేరుతో ఉన్న మ్యూజియంలో లూథర్ చనిపోలేదు. పాత రోజుల్లో జరిగిన పొరపాటు అలాగే నిలిచిపోయింది. అసలు ఇల్లు మార్కెట్ 56లో ఉండేది, ఇప్పుడక్కడ హోటల్ నడుస్తోంది. అయినా మ్యూజియం ప్రదర్శన బాగుంది, చావును ఆ కాలం ఎలా ఎదుర్కొందో చక్కగా చూపిస్తారు. ఎదురుగా ఉన్న సెయింట్ ఆండ్రియాస్ చర్చిలో ఆయన చివరి ప్రసంగాలు చేసిన వేదిక ఉంది. బాప్తిస్మం పొందిన సెయింట్ పీటర్-పౌల్ చర్చిలో 2012లో నేలలో గుండ్రని తొట్టి కట్టారు. ఊరికి పూట చాలు.

విట్టెన్‌బెర్గ్ స్టేషన్ తూర్పు చివరన ఉంటుంది, కోట చర్చి పడమటి చివరన. మధ్యలో ఒకే వీధి, తూర్పు నుంచి పడమరకు నడిస్తే చాలు. ముందు 1520 డిసెంబరు 10న పోప్ ఆజ్ఞాపత్రాన్ని తగలబెట్టిన చోట ఓక్ చెట్టు వస్తుంది. తర్వాత లూథర్ హౌస్. ఇక్కడ గది తలుపు మీద రష్యా చక్రవర్తి పీటర్ 1712లో సుద్దముక్కతో రాసుకున్న సంతకం ఉంది. ఈ భవనంలో మరమ్మతులు సాగుతున్నాయి. టికెట్ కొనే ముందు ఏది తెరిచి ఉందో, ప్రదర్శన పక్కనున్న ఆగుస్టేయంలో ఉందో చూసుకోవాలి.

కోట చర్చి కొయ్య తలుపులు 1760లో యుద్ధంలో కాలిపోయాయి. ఇప్పుడున్నవి 1858 నాటి కంచు తలుపులు, పాపక్షమాపణ పత్రాలకు వ్యతిరేకంగా లూథర్ రాసిన 95 వాదాలను వాటి మీద లాటిన్‌లో పోత పోశారు. ఆ వాదాలను తలుపుకు స్వయంగా మేకులతో కొట్టానని లూథర్ తన రాతల్లో ఎక్కడా చెప్పలేదు. లోపల వేదిక కింద ఉన్న సమాధి మాత్రం ఆయనదే. ఆరాధన వేళల్లో సందర్శకులను రానివ్వరు. అక్టోబరు 31 ఇక్కడ సెలవు దినం, ఊరంతా సంబరం, గదులు నెలల ముందే అయిపోతాయి. ప్రశాంతంగా చూడాలంటే ఆ వారం వెళ్లకండి. తక్కువ ఖర్చులో ఉండాలంటే కోట పక్కనే యూత్ హాస్టల్ ఉంది, సభ్యత్వ కార్డు అడుగుతారు.

ఊరి చర్చిలో చిత్రకారుడు క్రానాఖ్ వేసిన బలిపీఠ చిత్రం చూసి బయటికి వచ్చాక, ఆగ్నేయపు మూలకు వెళ్లి తల పైకెత్తి చూడాలి. యూదులను పందితో కలిపి అవమానించే మధ్యయుగపు శిల్పం అది. 1543లో లూథర్ యూదుల మీద రాసిన రాతలు అంతకన్నా క్రూరమైనవి. శిల్పం కింద నేలలో 1988లో స్మారక ఫలకం పరిచారు. శిల్పాన్ని తీసేయాలన్న దావాను జర్మనీ సుప్రీం సివిల్ కోర్టు 2022లో కొట్టేసింది. గైడ్ ఈ మూల దగ్గర ఆగకుండా దాటేస్తే, ఆపి అడగండి.

ఐదో రోజు దొరికితే టోర్గావ్ వెళ్లండి, లైప్‌జిగ్ నుంచి తిన్నగా రైలు ఉంది. 1525లో లూథర్‌ను పెళ్లాడి, ఇప్పుడు లూథర్ హౌస్ అంటున్న విట్టెన్‌బెర్గ్ పెద్ద మఠాన్ని పశువులు, తోటలు, బీరు తయారీ, అద్దెకుండే విద్యార్థులతో నడిపిన కటరీనా ఫాన్ బోరా సమాధి అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఉంది. 1552లో విట్టెన్‌బెర్గ్‌లో ప్లేగు రాగా పిల్లలతో బయల్దేరిన ఆమె, దారిలో బండి ప్రమాదంలో గాయపడి ఇక్కడే చనిపోయింది. మొగుడి పక్కన ఆమెకు చోటు దొరకలేదు.