ఎకానమీలో రంగాలు ఎలా మారతాయో చెప్పే ఈ వీడియో కోర్సు తీసుకోవచ్చా? – 4 స్టార్లు

తీసుకోండి, ముఖ్యంగా ప్రాథమిక, ద్వితీయ, తృతీయ రంగాలు అని బట్టీ పట్టి ఎగ్జామ్స్ రాసేవాళ్ళు. దేశం ఎదిగేకొద్దీ జనం పొలాల నుంచి ఫ్యాక్టరీలకి, తర్వాత సర్వీసులకి వెళ్తారని గైడుల్లో ఒక్క లైను ఉంటుంది, ఎందుకు వెళ్తారో మాత్రం ఉండదు. ఈ సార్ ఆ ఎందుకు అన్నదాని మీదే చాలాసేపు చెప్తారు.

ఆదాయం పెరిగింది కదా అని తిండి ఖర్చు అదే లెక్కన పెరగదు, ఈ మాట 1857లోనే ఎంగెల్ అనే జర్మన్ స్టాటిస్టీషియన్ కుటుంబాల ఖర్చులు చూసి చెప్పాడు, ఇంకోపక్క యంత్రాలు, ఎరువులు, మంచి విత్తనాలు వచ్చి తక్కువ మందితోనే ఎక్కువ పంట వస్తోంది, ఇక పొలంలో అంతమందికి పనెక్కడుంటుంది చెప్పండి. అమెరికాలో 1900లో పనిచేసేవాళ్ళలో దాదాపు 40 శాతం వ్యవసాయంలో ఉండేవాళ్ళు, ఇప్పుడు 2 శాతం కూడా లేరు, అయినా పంట ఎన్నో రెట్లు పెరిగింది. వాటా తగ్గడం వేరు, రంగం పడిపోవడం వేరు అని ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పగా వినలేదు.

బామోల్ అనే అమెరికన్ ఎకానమిస్ట్ చెప్పిన విషయం మీద పాఠం అయితే రెండోసారి కూడా చూశా. నలుగురు వాయించే కచేరీకి 200 ఏళ్ళ కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే, అంతే టైమ్, కానీ బయట జీతాలు పెరిగాయి కాబట్టి వాళ్ళకీ పెంచాల్సిందే. టీవీలు చవకై, ఇలాగే మనుషుల టైమ్ మీద నడిచే చదువు, వైద్యం ఖరీదవడం వెనక ఇదొక పెద్ద కారణం.

ఇంకోటి, ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కంపెనీ జీతం మీద ఉంటే పరిశ్రమల లెక్కలోకి వస్తాడు, అదే మనిషిని ఏజెన్సీ కిందకి మారిస్తే సర్వీసుల లెక్కలోకి పోతాడు, గేటు అదే, పని అదే! ఇది తెలిశాక సర్వీసుల వాటా పెరిగింది అనే వార్త చూస్తే ముందు ఇదే అడగాలనిపిస్తుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, జీడీపీలో వాటా, ఉపాధిలో వాటా రెండూ ఒకే స్లైడ్‌లో ఒకే రంగులో పెట్టారు, కొత్తవాళ్ళు కచ్చితంగా కన్ఫ్యూజ్ అవుతారు. పైగా చాలా దేశాల్లో పరిశ్రమలు పూర్తిగా ఎదగకముందే వాటి వాటా తగ్గిపోతోందని ఎకానమిస్ట్ డానీ రోడ్రిక్ చెప్పిన విషయం చివర్లో హడావిడిగా ముగించేశారు. పొలం వదిలినవాళ్ళకి ఫ్యాక్టరీ ఉద్యోగం దొరక్కపోతే ఏ పనిలోకి వెళ్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అనేది కోట్లమంది బతుకుల విషయం, దానికి ఒక ఫుల్ క్లాస్ పెట్టండి సార్ ప్లీజ్.