సురభి వారి ‘మాయాబజార్’: ఒక కుటుంబం నడిపే రంగస్థలం

చిన్నప్పుడు మా తాతగారి ఊళ్లో సురభి నాటక సమాజం వారు పాక వేసుకుని మకాం ఉన్న రోజుల్లో నేల మీద చాప పరుచుకుని చూసిన ‘మాయాబజార్’ నాటకాన్ని, గత నెలలో మా పట్టణంలోని ఒక కల్యాణ మండపంలో వంద రూపాయల టికెట్టు కొని, మా పిల్లలతో కలిసి మళ్లీ చూశాను. చిన్ననాటి ముచ్చట కదా అని మెచ్చుకోవడం కాదు, నిజంగానే ఇది చూడవలసిన నాటకం.

నారదుడు మబ్బుల మధ్య నుంచి దిగి వస్తాడు, అభిమన్యుడి బాణమూ ఘటోత్కచుడి బాణమూ ఆకాశంలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి, రాజదర్బారు తెర లేచి రెప్పపాటులో అడవి తెర దిగుతుంది. ఘటోత్కచుడు నోరు తెరవగానే పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటే ఎగిరి వచ్చి పడుతుంటే ముందు వరుసలోని పిల్లలు లేచి నిలబడి గట్టిగా లెక్కపెట్టారు. నాకు ఒక పక్కగా కుర్చీ దొరకడం వల్ల వేదిక పక్కన తెర చాటున ఉండే వింగు లోపలి భాగం కొంత కనిపించింది. కాసేపటి క్రితం చెలికత్తెగా పాడి వెళ్లిన అమ్మాయి వడ్డాణమైనా తీయకుండా రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు తాడు మీద కాక హార్మోనియం వాయించే పెద్దాయన చేతి మీద ఉంది. ఆయన స్వరం ఆపిన చోట ఆమె తాడు వదిలింది, అదే క్షణంలో వేదిక మీద గాలిలో తేలుతున్న గద నేలకు దిగింది. గుట్టు కళ్లారా చూశాక కూడా ఆ మాయ నాకు తగ్గలేదు, సరికదా ఇంకా పెరిగింది.

ఈ పొందిక ఒక్క రోజులో వచ్చింది కాదు. తోలుబొమ్మలాట ఆడించుకునే కుటుంబాల వారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ను మనుషులతో ఆడడంతో ఈ సమాజం మొదలైంది, వనారస గోవిందరావును దానికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. తెలుగు నాటకాల్లో ఆడవేషాలను మగవాళ్లే కట్టే కాలంలో సురభి వారి ఇంటి ఆడపిల్లలు రంగస్థలం ఎక్కారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. పెళ్లిళ్లతో, పురుళ్లతో కుటుంబం పెరిగేకొద్దీ సమాజాలు చీలి ఊరూరా తిరిగాయి. 1990లలో కన్నడ రంగస్థల ప్రముఖుడు బి.వి. కారంత్ వంటి దర్శకుడు వచ్చి వీరితో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. ఈ సురభి సమాజాల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ) 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

ఊరికి వీరు చేసిన మేలు కూడా చిన్నది కాదు. సినిమా హాలు లేని పల్లెల్లో పాక వేసి రోజుకొక నాటకం ఆడుతూ ఉంటే, చదువురాని వారికి సైతం భారత, రామాయణ కథలూ వాటి పద్యాలూ నోటికి వచ్చేవి. మా నాయనమ్మ బడి ముఖం చూడని మనిషి; పొయ్యి ఊదుకుంటూ రాగం తీసి పాడిన పద్యాలన్నీ ఆ పాకలో నేర్చుకున్నవే.

లోపం గురించి కూడా చెప్పాలి, అయితే అది నటులది కాదు. నిర్వాహకులు సన్మానాలతో, ఉపన్యాసాలతో గంటకు పైగా కాలం గడపడం వల్ల నాటకం మొదలయ్యేసరికే చిన్నపిల్లలు ఒళ్లో నిద్రపోయారు. పైగా అద్దెకు తెచ్చిన మైకులు కీచుమంటూ మంచి పద్యాలను రెండు చోట్ల పాడు చేశాయి. పద్యం వినాలని వచ్చినవారు హార్మోనియం ఉన్న వైపు, నాలుగైదు వరుసల లోపల కూర్చోవడం మంచిది. మైకు లేకపోయినా అక్కడికి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

నాటకం ముగిసి జనం బయటికి వస్తుండగా, ఘటోత్కచుడి వేషం వేసిన మనిషి ముఖం మీది రంగు తుడుచుకోకుండానే ఒక కుర్రవాడితో కలిసి అడవి తెరను చుట్టుతున్నాడు. మర్నాడు ‘పాతాళభైరవి’ అని ప్రకటించారు. గేటు దగ్గరే నాలుగు టికెట్లు తీసుకుని ఇంటికి వచ్చాను.