గుడిమల్లానికి త్రీడీ మేలా, చేతి గీత మేలా?

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. తిరుపతి దగ్గరి గుడిమల్లంలో ఉన్న పాత శివాలయం మీద ఒకటిన్నర నిమిషం త్రీడీ వీడియో చేశాను. "రెండు వేల ఏళ్ళ కిందటి గుడి" అని మొదట్లోనే అక్షరాలు వేసి, గర్భగుడి మీద ఏనుగు వీపులా గుండ్రంగా వంగిన ఆ విమానం, గోడలు, దీపాలు, సాయంత్రం వెలుగు అన్నీ చూపించాను. దాన్ని ఆ ఊళ్ళోనే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామెకి ఫోన్లో చూపిస్తే, చివరి దాకా చూసి, "ఈ గోడలు అప్పుడే ఉండాయా నాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి చదివాక తెలిసింది, ఉండేవి కావు. 1973లో పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ గారు అక్కడ తవ్వకాలు జరిపించారు. మొదట్లో లింగం ఆరుబయటే ఉండేదని, చుట్టూ చతురస్రంగా రాతి కంచె మాత్రమే ఉండేదని అప్పుడు తేలింది. ఇప్పుడు మనం చూసే గుడి వందల ఏళ్ళ తర్వాతిది, పల్లవుల, చోళుల కాలాల్లో రూపు దిద్దుకున్నది. లింగం క్రీస్తు పూర్వానిదని చాలామంది పండితులు అంటారు, కొందరు దాన్ని ఇంకా ఇటు కాలానికి జరుపుతారు. అంటే నా వీడియోలో లింగం ఒక కాలానిది, గోడలు ఇంకో కాలానివి. చూసేవాళ్ళకి ఆ తేడా తెలిసే దారే లేదు, ఎందుకంటే రెండింటినీ ఒకే వెలుగులో, ఒకే నునుపుతో చేశాను.

త్రీడీతో నాకున్న పేచీ ఇదే. అందులో ఖాళీ వదలడం చాలా కష్టం. కెమెరా తిరిగిందంటే వెనక వైపు కూడా ఏదో ఒకటి ఉండి తీరాలి, నేల రంగు, చెట్టు, కంచె రాయి ఎంత అరిగిందో కూడా మనమే తేల్చాలి, తెలిసినా తెలియకపోయినా. ఊహకీ ఆధారానికీ ఒకే మెరుగు పడుతుంది.

చేతి గీత, అంటే ఒక్కో బొమ్మా చేత్తో గీసి చేసే వీడియో, అలా కాదు. పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళని చూడండి. ముందు చింతపుల్లల బొగ్గుతో గుడ్డ మీద లేతగా గీస్తారు, అది చెరిగిపోయే గీత. తర్వాత బెల్లం, తుప్పు ఇనుము నీళ్ళలో నానబెట్టి తీసిన నల్ల రంగుతో వెదురు కలం పట్టుకుని దాని మీద గట్టి గీత వేస్తారు, అది నిలిచే గీత. పాత కాలాన్ని చూపించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. తవ్వకంలో దొరికింది నల్ల గీత, మనం ఊహించింది బొగ్గు గీత. ఒక్కసారి చెప్తే ఆరో తరగతి పిల్లలకి కూడా అర్థమైపోతుంది.

అలాగని త్రీడీని తీసిపారేయను. చంద్రగిరి కోటలోని రాజమహల్ సంగతి వేరు. మూడంతస్తుల కట్టడం కళ్ళ ముందే నిలబడి ఉంది, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. చుట్టూ తిరిగి కొన్ని వందల ఫోటోలు తీస్తే వాటి నుంచి కంప్యూటర్ కొలతలతో సహా మోడల్ తయారు చేస్తుంది. గోడను నిలువునా కోసినట్టు చూపించి, కలప లేకుండా అంత బరువు ఎలా ఆగిందో చెప్పాలంటే త్రీడీకి సాటి లేదు. శ్రీకాళహస్తి రాజగోపురం కూడా అంతే. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది. కానీ పాతదాని ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది! ఆ ఆల్బమ్‌లన్నీ పోగేస్తే పోయిన గోపురాన్ని చాలా మటుకు నిజంగానే తిరిగి నిలబెట్టవచ్చు, అది చేతి గీతతో అయ్యే పని కాదు.

అయితే రాజమహల్ లోపల సభ, తెరలు, మనుషుల బట్టలు మొదలుపెట్టగానే మళ్ళీ ఊహలోకి వెళ్ళిపోతాం. అక్కడ గోడలు త్రీడీలో ఉంచి, మనుషుల్ని బొగ్గు గీతతో వేస్తే సరి.

ఖర్చు మాట. రెండింటికీ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, త్రీడీకి బ్లెండర్, చేతి గీతకి క్రిటా. త్రీడీకి మంచి లాప్‌టాప్ కావాలి, రెండరింగ్, అంటే కంప్యూటర్ మోడల్‌ని వీడియో బొమ్మలుగా మార్చే పని, రాత్రంతా నడుస్తుంది. చేతి గీతకి ఓపిక కావాలి, సెకనుకి 12 బొమ్మలు అనుకున్నా ఒక్క నిమిషానికి 720 బొమ్మలు. రేపు కొత్త ఆధారం దొరికితే త్రీడీలో ఆ ముక్క మార్చి మళ్ళీ రెండర్ పెట్టుకోవచ్చు, చేతి గీతలో ఆ భాగమంతా మళ్ళీ గీయాల్సిందే. ఈ విషయంలో త్రీడీదే పైచేయి, ఒప్పుకుంటాను.

ఇంకో దారి, గాజు పలక మీద పాత రూపం గీతలుగా వేసి కట్టడం ముందు నిలబెట్టడం. చవక, ఫోన్ అక్కర్లేదు, శిథిలాల దగ్గర బాగుంటుంది. గుడిమల్లానికి మాత్రం పనికిరాదు, అక్కడ చెప్పాల్సింది ఒక్క రూపం కాదు, కంచె నుంచి గుడి దాకా జరిగిన మార్పు.

ఏది చేసినా ఎక్కడ ఊహించామో చూసేవాళ్ళకి చెప్పాలి. ఇది నా ఒక్కడి పట్టుదల కాదు, పురావస్తువుల్ని కంప్యూటర్లో పునర్నిర్మించేవాళ్ళ కోసం రాసిన 2011 నాటి సెవిల్ సూత్రాలు ఇదే అడుగుతాయి, చారిత్రక కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమోస్ 2017లో ఢిల్లీలో జరిగిన మహాసభలో వాటిని ఆమోదించింది కూడా.

అందుకే గుడిమల్లం మళ్ళీ మొదటి నుంచి చేతితో గీస్తున్నాను. మొదటి షాట్‌లో ఐదడుగుల లింగం, దాని మీద యక్షుడి భుజాలపై నిలబడిన శివుడు, ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి, చుట్టూ రాతి కంచె, ఇవన్నీ నల్ల గీత. పైన ఆకాశం. కంచె బయట దండం పెట్టుకుంటున్న మనుషులు బొగ్గు గీతలో ఉన్నారు, వాళ్ళకి ముఖాలు వేయలేదు.